బలం మాత్రలు

"అప్పా, ఓపాలి ఇలగ రా" అని సౌజన్య బాత్రూం తలుపు సందులోంచి పిలిచేసరికి నేను క్యారియర్లలో పప్పు సర్దుతున్నాను. ఆ పిల్ల పూర్తి పేరు లక్ష్మీసౌజన్య. మా మరిది సత్యం పెళ్లాం, నా తోటికోడలు. మా వైపు మాటలో నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తుంది. ఐదో నెల కడుపుతో ఉంది. గొంతులో ఏడుపు వినబడగానే గరిటె అక్కడే పడేసి పరిగెత్తాను.

ఆ బాత్రూం మా లైనులో ఇళ్లన్నిటికీ కలిపి ఒక్కటే. సౌజన్య గోడకి అతుక్కుని నిలబడి ఉంది. ఇంకా నీళ్లు పొయ్యలేదు. కింద సిమెంటు మీద నారింజ ఎరుపు రంగులో మూత్రం.

"నాలుగైదు రోజుల నుండి ఇలగే వస్తంది అప్పా. అత్తకి సెప్పడానికి సిగ్గేసింది. నాకేటైపోతంది?"

సగం ప్రాణం నాకు అక్కడే పోయింది. ఆ రంగు నాకు బాగా తెలుసు. ఆదివారం వచ్చిందంటే నాకూ అదే రంగు. బకెట్టుడు నీళ్లు కుమ్మరించి, తలుపు తీసేముందు బయట ఎవరైనా ఉన్నారేమోనని చెవి పెట్టి వింటాను. ఇప్పుడు కూడా నేను ముందు చేసిన పని అదే. బకెట్టెత్తి గబగబా కడిగేశాను. ఆ పిల్ల ఒంట్లోకి వెళ్లినదాన్ని ఎలా కడగాలో మాత్రం తెలియలేదు.

"ఏటే? ఏటైంది మీకు?" అంటూ మా అత్త జగ్గమ్మ వచ్చింది. నేను కళ్లతో వద్దని చెప్పేలోపే సౌజన్య చెప్పేసింది. అత్త ఆ పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, "ఓలమ్మా, పచ్చకామెర్లే" అని నెత్తిన చేతులు పెట్టుకుంది.

నా సంగతి చెబితే గానీ నేనెందుకంత హడలిపోయానో మీకు అర్థం కాదు. మా ఆయన మధుబాబు ఇక్కడ బెంగాల్ పోర్టులో కళాసీ, ఓడల్లో సరుకు మోసేవాడు. దగ్గి దగ్గి, చివరికి ఎముకల గూడు మిగిలాడు. టీబీతో పోయాడని లైనంతా అనుకున్నారు. అది నిజమే. ఆ టీబీ వెనక హెచ్.ఐ.వి. ఉందని ఆస్పత్రిలో మా ఇద్దరికే చెప్పారు. నా రక్తంలోనూ ఉందన్నారు. పోయేముందు ఆయన నన్ను అడిగింది ఒక్కటే, "అమ్మకి తెలనీకు" అని. సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఇచ్చిన మాట కోసం కాదు, కూటి కోసం దాచాను. సత్యానికి పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. ఇల్లు గడిచేది నేను కట్టే క్యారియర్లతోనే. డాక్ పనికి వెళ్లే మన శ్రీకాకుళం వాళ్లలో సగం మంది మధ్యాహ్నం తినేది నేను వండిందే. నాకేముందో తెలిసిన మర్నాడు ఒక్క క్యారియరు కూడా మా గుమ్మానికి రాదు. తిండివల్ల అంటదని నాకు తెలుసు. నాకొక్కదానికి తెలిస్తే సరిపోతుందా?

ఆ హెచ్.ఐ.వి.కి తెల్ల మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఒళ్లు కూడా కుదుటపడింది. ఈమధ్యే, ఆ మందు ఇచ్చే సెంటర్లో మాకు మంచీచెడూ చెప్పే కౌన్సిలరు సమీర దీదీ టీబీ రాకుండా ఇంకో మందు కూడా మొదలుపెట్టించింది. లేని జబ్బుకి మందేమిటని నేను పేచీ పెట్టాను. "మీ ఆయన ఎలా పోయాడో మరిచిపోయావా?" అంది. నోరు మూసుకుని తీసుకున్నాను. వారానికోసారి వేసుకునే ఎర్ర మాత్రలు. మూత్రం రంగు మారుతుంది, దానికి భయపడకు, కళ్లు పచ్చబడినా వాంతులు పట్టుకున్నా మాత్రం ఆపేసి పరిగెత్తుకు రా అని చెప్పింది. అది రాసేముందు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, కడుపుతో ఉన్నావా అని. మొగుడు పోయినదాన్ని పట్టుకుని అదేం ప్రశ్న అని ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఇవాళ ఆ ప్రశ్న గుర్తొచ్చి ఒళ్లు చల్లబడిపోయింది.

ఆ అట్టలూ డబ్బాలూ ఇంట్లో ఉంచుకునే ధైర్యం నాకెక్కడిది? తెల్లవీ ఎర్రవీ అన్నీ ఒలిచి ఒక పాత కాల్షియం సీసాలో పోసి, బియ్యం డబ్బా వెనకాల పెట్టాను. అలా కలపొద్దని సమీర దీదీ మొత్తుకుంది. ఆవిడకేం, తాళం వేసుకునే బీరువా ఉండి ఉంటుంది. మాకున్నది ఒక గది, వెనక రేకుల వంటిల్లు. ఇదేటని అత్త అడిగితే, నరాలకి బలం మాత్రలని చెప్పాను.

సౌజన్యని గదిలో పడుకోబెట్టి, వంటింట్లోకి వెళ్లి ఆ సీసా తీసి చూశాను. ఎర్రవి బాగా తగ్గిపోయాయి. తెల్లవీ తగ్గాయి. నా వెనకే వచ్చిన అత్తని మెల్లగా అడిగాను.

"అత్తా, నా మాత్రలెవరు తీశారు?"

"నానే" అంది అత్త, ఏ తప్పూ చెయ్యని మనిషిలాగ. "నువ్వు మధు పోయినప్పుడు ఎలగున్నావు? పుల్లలాగ ఉండేదానివి. ఆ మాత్తర్లేసుకున్నాక మొకంలో కళొచ్చినాది. ఈ గుంట సూస్తే ముద్ద ముట్టుకోదు. అందుకే ఎర్రదొకటి, తెల్లదొకటి రోజూ పాలతో ఇస్తన్నాను. నీకు సెప్తే నువ్వే ఇద్దువు గదా."

నేనే ఇచ్చేదాన్నట. ఆవిడననడానికి లేదు, మా లైనులో పద్ధతే అది. ఒకరికి డాక్టరు రాసిన దగ్గు మందు అన్ని ఇళ్లూ తిరిగొస్తుంది. మోకాళ్ల నొప్పుల బిళ్లలు వాయనాల్లాగ పంచుకుంటారు. ఒకరికి పనిచేసిందంటే అందరికీ పనిచేసినట్టే. పంచకుండా దాచుకున్నదాన్ని మహా పిసినారి అంటారు. నేను బలం మాత్రలన్నాను, ఆవిడ ఆ బలమేదో చిన్నకోడలికి కూడా పెట్టింది. బుద్ధి తక్కువదాన్ని, చేదు మందనో విషమనో చెప్పి ఉంటే ఎవరూ ముట్టుకునేవారు కాదు కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వారానికోసారి వేసుకోవలసింది ఆ పిల్ల రోజూ వేసుకుంది. అదీ వట్టి మనిషి కాదు. రంగొక్కటే అయితే పరవాలేదు. కానీ నిన్నటి నుంచి వాంతులు కూడా అవుతున్నాయి. వేవిళ్లని అత్త అంటోంది. అవి ఎప్పుడో తగ్గిపోయాయి కదా, ఐదో నెలలో మళ్లీ ఏమిటి?

"కామెర్లకి ఇంగిలీసు మందు లేదు, పసరే" అని అత్త అప్పటికే తేల్చేసింది. బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లు లైన్లలో గురువులని ఒక పెద్దాయన ఉన్నాడు. మన టెక్కలి వైపు మనిషి. పరగడుపున పసరు పోసి, ఉప్పూ నూనే మాన్పించి, తగ్గేదాకా ఇంగ్లీషు మందు ముట్టనని ఒట్టు వేయిస్తాడు. కామెర్లంటే మా వాళ్లందరూ ఆయన దగ్గరికే పరిగెడతారు. సత్యానికి ఫోను వెళ్లిపోయింది. "ఏటీ తినకే, పరగడుపునే ఉండాల" అని సౌజన్యని కూర్చోబెట్టేశారు. లైనులో ఆడవాళ్లంతా మా గుమ్మంలోకి చేరిపోయారు. పక్కింటి రమాకుమారి అందరికంటే ముందుంది. నాకు క్యారియర్లు ఇప్పించింది చాలావరకు ఆవిడే. ఆవిడ చెబితే వచ్చినవి, ఆవిడ చెబితే పోతాయి కూడా.

"ఆస్పత్రికి తీసుకెళ్దాం అత్తా. రక్తం పరీక్ష చేయిద్దాం" అన్నాను.

"రగతం తీసి ఏటి సేస్తారు?" అంది రమాకుమారి. "మా మావయ్యకి ఇలగే అయితే ఆస్పత్రిలో సూదులు పొడిసి పొడిసి సంపేసినారు. కామెర్లకి సూది పడితే మడిసి దక్కడు."

"మధుని ఆస్పత్రికే గదా నువ్వు తీసుకెళ్లినావు" అంది అత్త, నా మొహం చూడకుండా.

నీళ్లు తెస్తానని బిందె పట్టుకుని వీధి చివర కుళాయి దగ్గరికి వెళ్లాను. అక్కడినుంచి సమీర దీదీకి ఫోను చేశాను. బెంగాలీలో మాట్లాడుతుంటే మాటలు తడబడ్డాయి. ఆవిడ మధ్యలో ఆపకుండా అంతా విన్నది.

"పసరు మాత్రం పడనివ్వకు, ఇంద్రజా" అంది. "లివరు మీద ఇప్పటికే బరువు పడి ఉంటుంది, దానిమీద ఇంకోటి వద్దు. మా సెంటరు దాకా రాకు, దూరం. దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే అక్కడికి ఇప్పుడే తీసుకెళ్లు. ఏ మాత్రలు వేసుకుందో డాక్టరుకి చెప్పాలి. చెప్పకపోతే వాళ్లు చీకట్లో తడుముకున్నట్టే. నన్ను ఫోనులో కలుపు, నేను మాట్లాడతాను."

"టీబీ మందని ఒక్కటీ చెబితే చాలదా దీదీ?"

"తెల్లది కూడా ఇచ్చారన్నావుగా."

బిందె కుళాయి కిందికి జరిపాను. ఆవిడే మళ్లీ అంది. "నీ సంగతి నా నోట రాదు. చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం. ఎవరికైనా నేను అదే చెబుతాను. ఇవాళ మాత్రం నీ ఇష్టం అనడానికి నాకు నోరు రావడం లేదు."

ఫోను పెట్టేసి కుళాయి పక్కనే కూలబడ్డాను. నాలో ఎంత నీచురాలుందో అప్పుడు తెలిసింది. సీసా తీసుకెళ్లి డాక్ కాలువలో పారేస్తే? మాత్రలు ఆగితే రంగు దానంతటదే పోతుంది. గురువులు పసరుకే తగ్గిందనుకుంటారు. నా క్యారియర్లు నాకుంటాయి. అంతా సర్దుకుపోతుంది, ఆ పిల్ల బతికి ఉంటే. నిజంగా ఇలా ఆలోచించాను. బిందె నిండి నీళ్లు కాళ్ల మీదకి పారుతుంటే లేచి ఇంటికి వచ్చాను.

వచ్చేసరికి సత్యం టోటో, అదే బ్యాటరీ ఆటో, తెచ్చి గుమ్మంలో పెట్టాడు. మాఝేర్‌హాట్ స్టేషన్లో బడ్జ్ బడ్జ్ రైలు అందుకోవాలట. సౌజన్య అరుగు మీద కూర్చుని మళ్లీ వాంతి చేసుకుంటోంది. ఏమీ తినలేదు కాబట్టి పచ్చటి నీళ్లు తప్ప ఏమీ పడడం లేదు. తల ఎత్తి నన్ను చూసి, "అప్పా, నాను సచ్చిపోతానేటి?" అంది.

"అత్తా, లోపలికి రా. నీతో పని ఉంది" అని ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి రేకు తలుపు వేసేశాను. తలుపుకి అవతల రమాకుమారి గొంతు వినబడుతూనే ఉంది.

"అవి బలం మాత్రలు కావత్తా. ఎర్రవి టీబీ రాకుండా వేసుకునేవి. కడుపుతో ఉన్నవాళ్లకి ఇవ్వరు. తెల్లవి" అని ఆగిపోయాను. హెచ్.ఐ.వి. అంటే ఆవిడకి తెలియదు. ఆస్పత్రి గోడల మీద బొమ్మలు చూసి ఆవిడకి తెలిసిన పేరు ఒకటుంది. ఆ పేరే చెప్పాను. "తెల్లవి ఎయిడ్స్ జబ్బుకి. నాకుంది."

అత్త నన్ను చూడలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "అయితే దానికి నానే ఎక్కించేసినానా? పాలల్లో నానే పోసేసినానా?" అంది. "కడుపులో గుంటడికి కూడా?"

"కాదత్తా, కాదు. అది మందు, జబ్బు కాదు. మాత్రతో రాదు. పాలతో రాదు. మనం ఒక్క కంచంలో తిన్నా రాదు." ఈ మాటే ఎన్నిసార్లు చెప్పానో. చెబుతూ ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపాను కూడా. కొంచెంసేపటికి ఆవిడ ఊపిరి కుదుటపడింది.

"మరి మధుకి?"

తలూపాను.

"ఆడికి తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆవిడ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. బయటినుంచి సత్యం, "అమ్మా, బేగి రా, రైలు పోతాది" అని కేకేశాడు. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు నా జుట్టు పట్టుకుంటుంది అని నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఒక్క కేక చాలు, ఆ తలుపు తెరుచుకుని లైనంతా లోపలికి వచ్చేస్తుంది. ఆవిడ అరవలేదు. "ఆ సీసా తే" అంది. ఇచ్చాను. దాన్ని కొంగున ముడేసుకుని తలుపు తీసింది.

"బడ్జ్ బడ్జ్ వద్దు. ఆస్పత్రికి పదండి."

"అదేటమ్మా, ఇందాకే గదా" అన్నాడు సత్యం.

"సెప్పిన సోటికి ఎల్లు."

రమాకుమారి కూడా మాతోపాటు బండెక్కేసింది. ఆస్పత్రికి వెళ్తుంటే లైనులోంచి ఒకరు తోడు రావడం మా దగ్గర రివాజు. రావొద్దంటే లేనిపోని అనుమానాలొస్తాయి. దారంతా ఆవిడ సౌజన్య వీపు రాస్తూనే ఉంది. మంచి మనిషే. నాకు భయం కూడా ఆవిడ మంచితనం చూసే.

ఆస్పత్రిలో వసారా పొడుగునా జనం. సౌజన్యని ఒక మంచం మీద పడుకోబెట్టారు. కుర్ర డాక్టరు వచ్చి కళ్లు చూశాడు, కడుపు నొక్కి చూశాడు, ఏం మందులు వాడారని అడిగాడు. అత్త కొంగు ముడి విప్పి సీసా ఇచ్చింది. ఆయన మాత్రలు అరచేతిలో పోసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇది టీబీ రాకుండా ఇచ్చేది. ఇది హెచ్.ఐ.వి. మందు" అన్నాడు, బెంగాలీలో, మామూలు గొంతుతోనే. అంతమంది రోగుల మధ్య ఆయనకి గుసగుసలాడే తీరిక లేదు. "మీ ఇంట్లో ఎవరివి ఇవి?"

మాలో బెంగాలీ తెలియనివాళ్లు ఎవరూ లేరు. సౌజన్య వీపు మీద రమాకుమారి చెయ్యి ఆగిపోయింది. సత్యం డాక్టరుని చూసి, తర్వాత నావైపు తిరిగాడు. చెప్పక తప్పదని పెదాలు విప్పాను.

"ఆమార్" అంది మా అత్త. "నావే, డాక్తర్‌బాబూ."

డాక్టరు ఆవిడని పైనుంచి కిందిదాకా చూశాడు. నేను సమీర దీదీకి ఫోను కలిపి, "అన్నీ ఈవిడకి తెలుసు" అని ఆయనకిచ్చాను. ఆయన కొంచెం దూరం జరిగి మాట్లాడాడు. మధ్యలో ఒకసారి తిరిగి నన్ను చూశాడు. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన గొంతు బాగా తగ్గింది. మళ్లీ ఎవరివని అడగలేదు.

రక్తం తీసుకున్నారు. కడుపు మీద మిషను పెట్టి బిడ్డ గుండె వినిపించారు. గబగబా కొట్టుకుంటున్న ఆ చప్పుడు విని సౌజన్య ఏడ్చింది, సత్యం ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. రక్తం రిపోర్టు కోసం కూర్చున్నాం. సాయంత్రానికి వచ్చింది. లివరు కొంచెం దెబ్బతిన్నదట. మాత్రలు ఆపితే కోలుకుంటుందట, కొన్నాళ్లు ఇక్కడే ఉంచి చూడాలట. ఇంకో వారం అలాగే ఇచ్చినా, దానిమీద పసరు పడినా తాను ఏమీ చెప్పలేకపోయేవాడినని డాక్టరు అన్నాడు.

బెంచీ మీద అత్త పక్కన కూర్చుని ఆవిడ చెవిలో, "ఎందుకలా చెప్పావత్తా?" అని అడిగాను.

"నువ్వు వంట సేసేదానివి" అంది, ఎదురుగా గోడని చూస్తూ. "నా సేతి కూడు ఇప్పుడెవుడు తింటన్నాడు గనక? నన్ను ఏటన్నా అననీ. పొద్దున్న ఎల్లి క్యారియర్లు కట్టు." మళ్లీ తనే, "నా కొడుకు సంగతి ఇన్నాళ్లు నాకు సెప్పలేదు సూడు, ఆ కోపం నాకు పోలేదు. ఇంటికెళ్లినాక అడుగుతాను" అంది.

అడగమన్నాను. ఆవిడ ఎన్ని తిట్టినా పడతానని మనసులో అనుకున్నాను. మళ్లీ ఆదివారం ఆ ఎర్ర మాత్రలు నేను వేసుకోవాలి. సమీర దీదీ కొత్తవి ఇస్తానంది. అవి ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలియదు.

అప్పుడే మంచం మీంచి సౌజన్య, "అత్తా, దాహం" అంది. అత్త లేచి, బల్ల మీది నీళ్ల సీసా మూత తీసి గ్లాసులోకి వంచబోయింది.

"నువ్వొద్దు పిన్నీ, నాను పడతాను" అని రమాకుమారి ఆ సీసా ఆవిడ చేతిలోంచి లాగేసుకుంది. కసిరినట్టు కూడా కాదు, మెత్తగానే అంది. ఆ నీళ్లు కిటికీలోంచి పారబోసి, మూతిని తన కొంగుతో తుడిచి, కొత్త నీళ్లు పట్టుకురావడానికి వెళ్లింది. అదే రమాకుమారి ఇన్నేళ్లుగా మా అత్త చేత్తో ఇచ్చిన టీ తాగింది. అత్త చెయ్యి గ్లాసు మీద అలాగే ఆగిపోయింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, ఆ చేతిని కొంగు కింద దాచుకుంది.

రమాకుమారి నీళ్ల సీసాతో తిరిగి వచ్చింది. అవి నావి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున్న కట్టవలసిన క్యారియర్లు గుర్తొచ్చాయి, సౌజన్య ఆస్పత్రి ఖర్చు గుర్తొచ్చింది, భయమేసింది, మింగేశాను. అత్త చేతిని కొంగు కిందినుంచి బయటికి లాగి నా ఒళ్లో పెట్టుకుని, రమాకుమారికి కనబడేటట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.